ధర పెరగాలి

ధర పెరిగిందని చెబితే సంతోషించిన బేరగాడిని నీరజ్ అంతవరకూ చూడలేదు.

"ఐదొందలు అంకుల్. పోయినసారి మీకిచ్చింది మూడొందల యాభైకి. ఇప్పుడా రేట్లు లేవు."

"మంచిదే బాబూ. ఇంకా పెరుగుతాయా?" అన్నాడు కృష్ణమోహన్.

"పెరక్కేం? రష్యా నుంచి రావడం ఎప్పుడో ఆగిపోయింది. ఉన్నవే చేతులు మారుతున్నాయి."

పెద్దాయన మొహం వెలిగింది. బేరమాడకుండా చెక్కు రాసిచ్చాడు.

సోవియట్ సైన్యం వాడి పక్కన పడేసిన పాత రైఫిళ్ళు అవి. ఒకప్పుడు పెట్టెలకొద్దీ అమెరికాకి వచ్చి కారుచౌకగా దొరికాయి. అప్పుడు సరదాకి నాలుగు కొని హెర్న్‌డన్‌లో తన ఇంటి బేస్‌మెంట్‌లో దాచాడు నీరజ్. ఇనప సామాన్ల వ్యాపారమా అని నవ్విన స్నేహితులే ఇప్పుడు రేట్లు చూసి నోరు వెళ్ళబెడుతున్నారు. దాంతో అతనికి కొమ్ములొచ్చాయి.

పాత తుపాకులు సేకరించే పిచ్చి ఉన్నవాళ్ళు ముందు నంబర్లు చూస్తారు. గొట్టం మీదా, భుజానికి ఆనించే మడమ మీదా ఒకే నంబరుంటే ఆ రైఫిల్ విలువే వేరు.

కృష్ణమోహన్ నంబర్ల వంక కన్నెత్తి చూడడు. ఆయన అడిగేది ఒక్కటే.

"ఇది పేలుతుందా?"

"పేలుతుంది అంకుల్."

"అయితే ఇచ్చెయ్."

రిటైరైన కెమిస్ట్ అట. పాత కారులో వస్తాడు, మోచేతుల దగ్గర నూలు లేచిపోయిన స్వెటర్ వేసుకుంటాడు. ఇలాంటి వెర్రిబాగులాయన దొరకడం అదృష్టం కాక ఏమిటి? మూడో రైఫిల్‌కి నీరజ్ ఆరొందల యాభై చెప్పాడు. దానికీ సంతోషించాడు పెద్దాయన.

"ఆ నాలుగోది కూడా నాకే ఉంచు బాబూ. ఒకటో తారీఖుకి డబ్బు తెస్తాను. ఎంతయినా సరే."

"అలాగే అంకుల్."

ఆ వారాంతం, పక్క ఊళ్ళో ఉండే స్నేహితుడు శ్రీరామ్‌తో ఈ సంగతి చెప్పి నవ్వబోయాడు నీరజ్. శ్రీరామ్ నవ్వలేదు.

"వెర్రివాడివి నువ్వే. ఆయన స్టాక్ చేస్తున్నాడు. మా సైడ్ వాళ్ళ దగ్గర కూడా రెండు కొన్నాడు. అన్నీ దాచిపెట్టి, రేపు డబుల్ రేట్‌కి నీకే అమ్ముతాడు చూడు."

నీరజ్‌కి ఒళ్ళు మండింది. తనని ఇంత తేలిగ్గా బురిడీ కొట్టిస్తాడా ముసలాయన!

మర్నాడే ఒక కాలేజీ కుర్రాడు ఫోన్ చేశాడు. ఇరవై రెండేళ్ళుంటాయేమో. అమ్మకం రాయించడానికి వెళ్ళిన తుపాకుల షాపులో, పోలీసు రికార్డులు చూసే బ్యాక్‌గ్రౌండ్ చెక్ అయ్యేదాకా తల ఎత్తలేదు. వాడూ నంబర్లు చూడలేదు. ఉన్నది రెండొందలే అన్నాడు. పెద్దాయనకి దక్కకపోతే చాలు అనుకుని, నీరజ్ రెండొందలకే ఇచ్చేశాడు.

ఒకటో తారీఖున కృష్ణమోహన్ కవరు పట్టుకుని వచ్చాడు.

"అమ్మేశాను అంకుల్."

"ఎంతకి?"

"రెండొందలకి. పాపం స్టూడెంట్ కదా అని."

పెద్దాయన జేబులోంచి చిన్న కాగితం, పెన్ను తీశాడు.

"ఆ అబ్బాయి నంబర్ ఇవ్వు బాబూ."

"సారీ అంకుల్. ప్రైవసీ."

"పోనీ నువ్వే ఒకసారి ఫోన్ చెయ్. ఎలా ఉన్నాడో కనుక్కో."

కుర్రాణ్ణి ఊదరగొట్టి దాన్నీ కాజేద్దామనే! నీరజ్ తలుపు వేసేశాడు. ఆయన రోజుకి రెండుసార్లు ఫోన్ చేస్తూనే ఉన్నాడు. వారం చూసి ఆ నంబర్‌ని బ్లాక్ చేశాడు నీరజ్.

రెండు నెలల తరవాత గుడిలో ఎవరో అంటుంటే తెలిసింది, కృష్ణమోహన్‌గారు గుండెపోటుతో పోయారని.

నీరజ్ అయ్యో అనుకున్నాడు. ఆ వెంటనే, ఇంట్లో ఐదు రైఫిళ్ళు ఉండి ఉండాలి అని కూడా అనుకున్నాడు. ఆయన భార్యకి రేట్లు ఏం తెలుస్తాయి? దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలి.

శనివారం పళ్ళు కొనుక్కుని వెళ్ళాడు. తలుపు తీసిన లీలగారు అతని పేరు విని కుర్చీ చూపించింది, మంచినీళ్ళిచ్చింది.

"అంకుల్ నా దగ్గర కొన్నవి మీకు బరువే కదా ఆంటీ. నేను తీసేసుకుంటాను. ఇప్పుడైతే రేట్లు బాగా పడిపోయాయి, ఒక్కోదానికి వంద ఇస్తాను."

ఆవిడ గరాజ్‌లోకి తీసుకెళ్ళింది. మూల ఒక ప్లాస్టిక్ డబ్బా ఉంది. అందులో గొట్టాలు, చెక్కలు, బోల్టులు, అన్నీ ముక్కలే. ఇనుము కోసే రంపం పక్కనే ఉంది.

"ఇదేంటాంటీ! ఎంత విలువైనవి! ఎవరు చేశారిలా?"

"ఆయనే. ఒక్కోటి కోయడానికి రెండ్రోజులు పట్టేది. అరచేతులు బొబ్బలెక్కేవి."

"ఎందుకు?"

"మా అబ్బాయి శ్రేయాస్ కాలేజీలో ఉండగా ఇలాంటిదే కొన్నాడు బాబూ. తొంభై డాలర్లకి. వారం తిరక్కుండానే దాంతోనే ప్రాణం తీసుకున్నాడు."

నీరజ్ చేతిలో పళ్ళ సంచి అలాగే ఉండిపోయింది.

"ఉన్నవి తగ్గితే ధర పెరుగుతుంది, ధర పెరిగితే పిల్లలకి అందదు అనేవారు. మీరు రేటు పెంచినప్పుడల్లా ఇంటికొచ్చి రెండు ముద్దలు ఎక్కువ తినేవారు."

ఆవిడ కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

"కానీ ఆఖర్న తిండి మానేశారు బాబూ. ఎవరో కుర్రాడట, తుపాకీ వాడి దగ్గరే ఉన్నా సరే, ఒక్క పూట ఇంటికి పిలిచి, అన్నం పెట్టి, పక్కన కూచుని మాట్లాడాలని, తను పోయేదాకా వాడి నంబర్ కోసం ఫోన్లు చేస్తూనే ఉన్నారు."