రెండో అరచెయ్యి

బండ్లు తమ గీతలు తామే మాన్పుకోవడం మొదలయ్యాక, ఆటోనగర్‌లో మనిషి చేత్తో తుప్పు గీకే షెడ్డు మస్తాన్‌వలిది ఒక్కటే మిగిలింది. హోటలు ముందు అలంకారంగా నిలబెట్టడానికి ఒక పాత అంబాసిడర్ వచ్చింది. తెల్లరంగు కింద పసుపు, పసుపు కింద నలుపు, నలుపు కింద తుప్పు. అంతా గీకి, ఉప్పుకాగితంతో రుద్ది, ఇనుము తేల్చాడు.

"నునుపు సరిపోయింది," అని గోడమీద నునుపు కొలిచే యంత్రం మళ్ళీ చెప్పింది.

"నువ్వు నోర్ముయ్," అన్నాడు మస్తాన్‌వలి.

రుద్దిన చెయ్యి తిమ్మిరెక్కి ఉంటుంది, ఆ చేతి మాట నమ్మకూడదు. పక్కవాడు కళ్ళు మూసుకుని, అరచేత్తో తడిమి, "చాలు" అనాలి. ఆ షెడ్డులో ఆ మాట తోటి పనివాడు యేసోబు చెప్పేవాడు. యేసోబు పోయాక ఎవరూ అనలేదు.

సాయంత్రం హోటలు తరఫున హిమజ అనే అమ్మాయి పని చూడ్డానికి వచ్చింది.

"ఒకసారి చెయ్యేసి చూడమ్మా. చాలంటావా, ఇంకా రుద్దమంటావా?"

ఆమె బానెట్ మీద అరచెయ్యి ఆనించి, చాలాసేపు తియ్యలేదు.

"నాకేం తెలుస్తుంది బాబాయ్? నేనెప్పుడూ కారుని ముట్టుకోలేదు. పిలిస్తే వస్తుంది, తలుపు కూడా అదే తీస్తుంది."

రంగు లేని ఇనుముకు చేతి చెమట తగిలితే తెల్లారేసరికి తుప్పు పడుతుంది. ఆమె వెళ్ళగానే తుడిచెయ్యాలి. మస్తాన్‌వలి తుడవకుండానే షెడ్డు మూసేశాడు.

పొద్దున బానెట్ మీద ఐదు వేళ్ళూ ఎర్రగా తేలి ఉన్నాయి. ఉప్పుకాగితం అందుకున్నాడు. మళ్ళీ కింద పెట్టి, ఆ గుర్తు మీద తన అరచెయ్యి ఆనించాడు.

"తుప్పు ఉంది. ఇంకా రుద్దాలి," అంది యంత్రం.

"చాలు," అన్నాడు మస్తాన్‌వలి, కళ్ళు మూసుకుని.