ఎర్ర చొక్కాల జట్టు

"ఎర్ర చొక్కాల వాళ్ళు పక్క ఊరి జట్టు. ఆకుపచ్చ చొక్కాల వాళ్ళు మనం. ఎవరడిగినా ఇదే మాట," అన్నాడు ఫుట్‌బాల్ మాస్టారు, పిల్లల్ని గోల్‌పోస్టు వెనక్కి తీసుకెళ్ళి. "ఆ బెంచీ మీద కూర్చున్నాయనతో ఎవ్వరూ మాట్లాడకూడదు."

గోల్‌కీపర్ పిల్ల చెయ్యెత్తింది. "మాస్టారూ, ఆయన..."

"ఆయనెవరైతే నీకెందుకమ్మా? నువ్వు బంతిని చూసుకో చాలు."

పిల్ల రబ్బరు బ్యాండ్లతో బిగించిన గ్లవ్స్ సర్దుకుంటూ ఎర్ర జట్టులోకి వెళ్ళిపోయింది.

క్లబ్బు పెట్టిన పెద్దాయన కాలం చేశాక ఆయన అల్లుడు దాన్ని అమ్మకానికి పెట్టాడు. కొంటామని ముందుకొచ్చిన కంపెనీ గెలిచే క్లబ్బులనే కొంటుంది. కొన్నాక గెలిపించే పిల్లల్ని ఉంచుకుని, మిగతా వాళ్ళని ఇంటికి పంపేస్తుంది. ఈ సంగతి తెలిసిన దగ్గర్నుంచి మాస్టారికి అన్నం సయించడం లేదు. నాలుగడుగులు పరిగెడితే ఆయాసపడే బొద్దబ్బాయీ, బంతి మీదికొస్తే కళ్ళు మూసుకునే కవలలూ ఎక్కడికి పోతారు?

అందుకే క్లబ్బును చూసి రమ్మని కంపెనీ పంపిన మనిషి వచ్చే రోజున, గట్టి ఆటగాళ్ళందరికీ ఎర్ర చొక్కాలు తొడిగి వాళ్ళని పక్క ఊరి వాళ్ళని చేసేశాడు. క్లబ్బు ఆకుపచ్చ చొక్కాలు మిగిలినవాళ్ళకిచ్చాడు. తల్లిదండ్రుల్ని ఆ పూట మైదానంలోకి రావద్దన్నాడు. ఓడిపోయే క్లబ్బుని ఎవరు కొంటారు?

పొద్దున దేవుడి ముందు నిలబడి, అబద్ధమే గానీ పిల్లల కోసం స్వామీ అని చెప్పుకున్నాడు. దేవుడు ఔననలేదు, కాదనలేదు. మాస్టారికి అదే కాస్త బెంగగా ఉంది.

కంపెనీ ఆయన రైలు దిగి నేరుగా వచ్చినట్టున్నాడు. చక్రాల పెట్టె ఆయన పక్కనే ఉంది. మర్యాదకి ప్రయాణం ఎలా జరిగిందని అడిగితే, తన బతుకంతా ఇంతేననీ, ఇంట్లో కంటే హోటళ్ళలోనే ఎక్కువ తెల్లవారుతుందనీ చెప్పాడు.

ఆట మొదలైంది. ఆకుపచ్చ జట్టు మాస్టారి నమ్మకాన్ని వమ్ము చెయ్యలేదు. కవలలిద్దరూ ఒకరి కాళ్ళకొకరు అడ్డంపడి దొర్లారు. బొద్దబ్బాయి బంతిని సొంత గోల్లోకే కొట్టి, ఘనకార్యం చేసినట్టు గంతులేశాడు. కంపెనీ ఆయన నవ్వు ఆపుకున్నాడు.

ఆయన చూపు మాత్రం ఎర్ర జట్టు గోల్ వైపే ఉంది. ఆ పిల్ల బంతిని గాల్లోకెగిరి పట్టినప్పుడు, సగం లేచి మళ్ళీ కూర్చున్నాడు.

"గోల్‌కీపర్ బాగా ఆడుతోందే."

"బంగారమండీ. పక్క ఊరి పిల్ల," అన్నాడు మాస్టారు.

"గ్లవ్స్ వదులుగా ఉన్నట్టున్నాయి?"

"వాళ్ళ నాన్న కొలత చూడకుండా ఎక్కణ్ణుంచో కొనుక్కొచ్చాడటండీ. ఒక్కనాడు ఆటకొచ్చిన పాపాన పోలేదు. పాపం వాళ్ళ అమ్మమ్మే రోజూ తీసుకొచ్చి..."

మాస్టారు నాలిక్కరుచుకున్నాడు. పక్క ఊరి పిల్ల ఇంటి సంగతులు తనకెలా తెలుస్తాయి? గుమ్మడికాయల దొంగలా భుజాలు తడుముకుంటూ ఓరగా చూశాడు. కంపెనీ ఆయన తలొంచుకుని కళ్ళజోడు తుడుచుకుంటున్నాడు. విననట్టే ఉంది. బతికించావు స్వామీ అనుకున్నాడు.

ఆట ముగిసింది. ఆకుపచ్చ జట్టు చిత్తుగా ఓడింది. కంపెనీ ఆయన ఫోనులో ఏదో రాసి పంపించి లేచాడు.

"కొనొద్దని రాసేశాను."

ఎగిరి గంతెయ్యాల్సిన మాస్టారు వెళ్ళి ఆయన ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"అయ్యా, ఎర్ర చొక్కాల వాళ్ళూ మా పిల్లలేనండీ. మిమ్మల్ని మోసం చేశాను. ఇంక మీ ఇష్టం."

"ఓడిపోతారని నేను రాయలేదు," అన్నాడాయన నెమ్మదిగా. "ఆడలేని పిల్లల కోసం గెలుపు వదులుకునే మాస్టారితో మా కంపెనీకి పొసగదని రాశాను. నిజమేగా?"

మాస్టారు తెల్లబోయాడు. "అంటే, ఎర్ర జట్టు సంగతి మీకు ముందే తెలుసా?"

కంపెనీ ఆయన ఎర్ర జట్టు గోల్ వైపు తిరిగి చెయ్యెత్తి ఊపాడు.

"మా అమ్మాయికి ఏ సైజు గ్లవ్స్ కొనాలో కాస్త చెప్పండి మాస్టారూ."