మూగబోయిన వారం

ఆఫీసులో అందరూ ఆయన్ని చాటుగా కత్తెరగారు అంటారు. ప్రభుత్వ రేడియోలో ఎక్కడ ఏ ఖర్చు కోయాలన్నా ఫైలు ఆయన బల్లమీదికే వస్తుంది.

ఈసారి కొండమీది కేంద్రం వంతు. కట్టిన ఏడాదికే కూలిన వంతెన గురించి అది మూడు రోజులు వరసగా వార్తల్లో చెప్పింది. వద్దని కబురంపినా ఆపలేదు.

"మన మాట వినని రేడియోని జనం మాత్రం ఎందుకు వింటారయ్యా? దండగ. మూసెయ్," అన్నారు మంత్రిగారు.

ఊరికే మూస్తే గోల. కత్తెరగారు ఓ ఉపాయం పన్నారు. వారం రోజులు ప్రసారం ఆపాలి. ఇదేమిటని ఎవరూ అడక్కపోతే ఇక శాశ్వతంగా తాళమే.

కొండకి ఫోన్ చేశారు. అక్కడ వార్తలు చదివేదీ, యంత్రం చూసుకునేదీ, తలుపు తాళం తీసేదీ ఒక్కావిడే.

"రేపట్నుంచి ఆపెయ్యాలమ్మా."

"అలాగేనండి. మరి జనం ఫిర్యాదు చేస్తామంటేనో?"

"నాకే రాయమనండి," అని నవ్వారాయన.

నాలుగో రోజు బంట్రోతు ఓ గోనెసంచి తెచ్చి బల్లమీద బోర్లించాడు. ఐదో రోజు రెండు సంచులు.

కత్తెరగారు విసుగ్గా విప్పడం మొదలుపెట్టారు. వాన కబురు తెలీక ఘాట్ రోడ్డెక్కాలంటే గుండె చాలట్లేదని ఓ లారీ డ్రైవరు. "రేడియో లేక రోజంతా మా ఆయన మాటలే వినాల్సొస్తోంది, నీకు పుణ్యముంటుంది నాయనా," అని ఓ ముసలమ్మ.

ఆయన పకపకా నవ్వారు. తర్వాత ఒక్కో ఉత్తరమూ చివరిదాకా చదివారు. ఇరవయ్యేళ్లుగా ఆ బల్లమీదికి అంకెలొచ్చాయి గానీ మనుషులు రాలేదు.

మర్నాడు సంచులన్నీ మంత్రిగారి ముందు పెట్టించారు.

"వీళ్లందరికీ ఓట్లున్నాయండి," అన్నారు మెల్లగా.

మంత్రిగారు వెంటనే సంతకం పెట్టారు. కేంద్రం ఉంటుంది. నిధులుంటాయి. వార్తల జోలికి ఎవరూ వెళ్లరు.

ఏడో రోజు, ఆ కాగితం తన చేత్తోనే ఇవ్వాలని కత్తెరగారు కొండ బస్సెక్కారు. పాపం, వారం రోజులుగా గోళ్లు గిల్లుకుంటూ కూర్చున్న మనిషి, ఎంత సంబరపడుతుందో అనుకున్నారు దారంతా.

ఐదో మలుపు తిరిగేసరికి డ్రైవరు పక్కనున్న రేడియో గరగరలాడి, ఆనాడు ఫోన్లో విన్న గొంతే ఖంగుమంది: "శ్రోతలకు నమస్కారం, మన కేంద్రం మూగబోయి నేటికి ఏడు రోజులు, రేడియో వినపడటం లేదని ఇంకా ఉత్తరం రాయనివాళ్లెవరైనా ఉంటే ఇవాళ్టి టపాలో పడేయండి."