లిఫ్టులో వాగుడుకాయ

మనుషులు నాలుగే రకాలని మేడమ్ సిద్ధాంతం. వాగేవాళ్లు, వినేవాళ్లు, చేసేవాళ్లు, చూసేవాళ్లు.

ఎవరికి ఏ ఉద్యోగం నప్పుతుందో చెప్పడం ఆవిడ వృత్తి. రెండు నిమిషాలు మాట్లాడితే చాలు, మనిషి రకం తేల్చిపారేస్తుంది. ఇరవయ్యేళ్లలో ఒక్కసారి కూడా తప్పలేదట. ఆ మాట అనేదీ ఆవిడే అనుకోండి!

ఆ రోజు ఓ పెద్ద ఆఫీసులో, ఏడో అంతస్తులో ఆవిడ ప్రసంగం. లిఫ్టు ఎక్కింది. లోపల అప్పటికే ఒకాయన ఉన్నాడు. చారల చొక్కా, చంకలో ఫైళ్లు. ఆవిణ్ని చూడగానే మూలకి జరిగి, గోడవైపు తిరిగి నిలబడ్డాడు.

'ఏం మనిషో! పలకరింపుగా ఓ నవ్వైనా లేదు' అనుకుంది మేడమ్.

నాలుగో అంతస్తు దాటాక లిఫ్టు ఒక్క కుదుపు కుదిపి ఆగిపోయింది. ఫ్యానూ ఆగిపోయింది.

ఆయన గంట నొక్కాడు. పైనుంచి ఎవరో అరిచారు. "మెకానిక్ వస్తున్నాడండీ! అరగంట పడుతుంది!"

అరగంట!

మేడమ్‌కి మూసిన గదులంటే ప్రాణభయం. స్నానాల గదికి గడియ కూడా పెట్టుకోదు. లిఫ్టులో అయితే కళ్లు మూసుకుని ఆ ఒక్క నిమిషం ఎలాగో నెట్టుకొస్తుంది. ఈ సంగతి భర్తకి తప్ప ఎవరికీ తెలియదు.

"నాకు... ఊపిరి ఆడటం లేదు..." అంది గోడ పట్టుకుని. పెదాలు తెల్లబడిపోయాయి.

ఆయన ఇటు తిరిగాడు. ఆవిడ మొహం చూశాడు. గుటకలు మింగాడు.

"మీకు... పిల్లి ఉందా అండీ?"

"ఏమిటీ?"

"పిల్లి. ఇంట్లో."

"లేదు."

"మా ఇంట్లో ఉందండీ. మా ఆవిడ ఒక పేరు పెట్టింది, మా అత్తగారు ఇంకో పేరు పెట్టింది. అది రెండింటికీ పలకదు."

అంతే. ఇక మొదలుపెట్టాడు మహానుభావుడు!

"నేను కింద రికార్డు గదిలో పనిచేస్తానండీ. మీరెంతమంది అక్కచెల్లెళ్లు? పెద్దక్కగారేం చేస్తారు? బళ్లో ఏ బెంచీలో కూర్చునేవారు? మా బావమరిది ఉన్నాడు చూశారూ, నలభయ్యో ఏట సైకిలు నేర్చుకున్నాడండీ. ఎక్కడం వచ్చింది, తొక్కడం వచ్చింది, దిగడం రాలేదు."

"అయ్యో! మరి?"

"మరేముంది, వీధి చుట్టూ తిరుగుతూనే ఉన్నాడు. ఇంటిముందుకొచ్చినప్పుడల్లా వాళ్లావిడ ఎదురెళ్లి మంచినీళ్ల గ్లాసు అందించేది. మూడో చుట్టులో గ్లాసు అందుకోబోయి ఆవిడ మీదే పడ్డాడు."

మేడమ్ కిసుక్కున నవ్వింది. ఆ తర్వాత ఆపుకోలేక పగలబడి నవ్వింది.

ఆయన మాత్రం నవ్వలేదు. ఒకదానికి జవాబు పూర్తవకముందే ఇంకో ప్రశ్న అందుకున్నాడు. పిల్లి ఉందా అని మళ్లీ అడిగాడు. చొక్కా తడిసి ముద్దయింది, గొంతు బొంగురుపోయింది. అయినా ఆపితే ఒట్టు!

నలభై నిమిషాలకి తలుపు తెరుచుకుంది. ఊపిరి సంగతి మేడమ్ ఎప్పుడో మర్చిపోయింది.

"అబ్బ, ఏం వాగుడండీ బాబూ మీది! మీరు రికార్డు గదిలో మగ్గిపోవడమేమిటి? పుట్టుకతోనే అమ్మకాల మనిషి మీరు. రాయిని కూడా మాట్లాడించగలరు. నా మాట విని ఉద్యోగం మారండి" అంటూ తన కార్డు చేతిలో పెట్టింది.

ఆయన తలూపాడు. ఒక్క ముక్కైనా మాట్లాడకుండా గబగబా మెట్లు దిగి వెళ్లిపోయాడు.

'ఈ కథ ఇంకెవరికో చెప్పాలని ఆత్రం!' అని నవ్వుకుంది మేడమ్.

ప్రసంగంలో ఆయన ఊసే ఎత్తింది.

"వాగేవాళ్లని చులకన చెయ్యకండి. ఇందాక లిఫ్టులో మీవాళ్లలో ఒకాయన నోటికి విశ్రాంతి లేకుండా వాగాడు. ఆయన లేకపోతే ఇవాళ నేనిక్కడ నిలబడేదాన్ని కాదు. అలాంటి రత్నాన్ని తీసుకెళ్లి పాత కాగితాల మధ్య కూర్చోబెట్టారు మీరు!"

సిబ్బంది మొహమొహాలు చూసుకున్నారు.

"అలాంటివాళ్లు మా దగ్గరెవరూ లేరే!" అన్నాడు ముందు వరసలో ఒకాయన.

ఎవరు ఏ రకమో తేల్చడానికి మేడమ్ పంపగా పొద్దున్నే అందరికీ పంచిన ప్రశ్నపత్రాలు మేనేజరు తెచ్చిచ్చాడు. ఒక్కటి తగ్గింది. "రికార్డు గది నుంచి రాలేదు మేడమ్. తెప్పిస్తాను."

"వద్దు లెండి, నేనే వెళ్తాను."

అసలు ఆయనకి థాంక్స్ అయినా చెప్పలేదని మేడమ్‌కి అప్పుడే గుర్తొచ్చింది. మనసు చివుక్కుమంది. ఏడంతస్తులూ మెట్ల మీదే దిగింది.

గది నిండా ఇనుప బీరువాలు. ప్రతి ఫైలు మీదా ఒకే చేతిరాత. అటెండర్ ఒకావిడ బల్ల తుడుస్తోంది.

"ఆయన ఇంటికెళ్లిపోయారండీ. చీటీ రాసిపెట్టి వెళ్లారు. గొంతు నొప్పట."

"మరి అంతలా వాగితే నొప్పి పుట్టదూ!"

"ఎవరు వాగితే?" అంది అటెండర్ ఆవిడ వింతగా చూస్తూ.

బల్ల మీద ఆయన ప్రశ్నపత్రం ఉంది. పొద్దున్నే పూర్తిచేసినట్టున్నాడు. మేడమ్ ఎర్ర పెన్ను తీసి, జవాబులు చూడకుండానే పైన 'వాగేవాళ్లు' అని రాసేసింది. ఆ తర్వాత చూపు చివరి ప్రశ్న మీద పడింది.

'మీకు అన్నిటికంటే ఎక్కువ భయం దేనికి?'

దాని కింద ముత్యాల్లాంటి అక్షరాలతో రాసి ఉంది: 'ముక్కూ మొహం తెలియని మనిషితో ఒక్క నిమిషమైనా మాట్లాడాల్సి రావడం.'