పెర్సిదా వీధి

గేటు గేటుకీ నల్ల అంచు సంతాప పత్రం అంటించాలి. చనిపోయినవాళ్ల పేరున పెట్టే తీపి గోధుమలు ఉడకబెట్టాలి. వీధి పేరున్న కొత్త పలకకు మేకులు వెతకాలి. అన్నిటికంటే ముందు మిలోరాద్ అకార్డియన్‌ని దాచెయ్యాలి. సంతాపం రోజున కూడా వాయించకుండా ఆగడు వాడు.

పదింటికల్లా వీధుల పేర్ల కమిటీ వచ్చేస్తుంది.

బెల్‌గ్రేడ్ శివారులోని ఆ వీధికి మొదట రాజు పేరుండేది. రాజు పోయాడు, పలక ఊడింది. తర్వాత ఓ సేనాధిపతి, ఆ తర్వాత ఓ పార్టీ నాయకుడు. ప్రభుత్వం మారినప్పుడల్లా ఎవరో ఒకరు నిచ్చెన వేసుకుని వచ్చేవారు. ఇన్నాళ్లకు "మీరే ఒక పేరు చెప్పండి" అన్నారు. వీధి వీధంతా పెర్సిదా పేరు చెప్పింది. కమిటీ కాదంటే ఇంకో జనరల్ వచ్చి కూర్చుంటాడు.

కమిటీ పెద్ద వుకొటిచ్ కారు దిగాడు. వీధి తరఫున నెవేన ముందుకొచ్చింది. ఆ వీధి నుంచి యూనివర్సిటీలో చదివిన మొదటి పిల్ల.

"ఎవరీ పెర్సిదా? ఏ యుద్ధంలో పోరాడింది?"

"యుద్ధం కాదండీ. ఈ వీధికి నీళ్లు తెచ్చింది. పైపు వెయ్యడానికి నిధుల్లేవన్నారు. ఆవిడ ఒక్కతే గునపం పట్టుకుని తవ్వడం మొదలుపెట్టింది. మగాళ్లంతా సిగ్గుపడి దిగారు."

"బాగుంది. కానీ రూలు తెలుసుగా? పోయినవాళ్ల పేర్లే పెడతాం. బతికున్నవాళ్లు రేపు ఏ పార్టీలో దూకుతారో ఎవడికి తెలుసు? ఇంతకీ ఆవిడ ఎప్పుడు పోయింది?"

నెవేన తల దించుకుంది.

నల్లగుడ్డ కట్టుకున్న ముసలావిడ ఒకామె గోధుమల గిన్నెతో గుంపులోంచి దూసుకొచ్చింది.

"పిల్లనెందుకు ఏడిపిస్తావు నాయనా? ఆవిడ పోయి ఇవాళ్టికి నలభయ్యో రోజు. ముందు ఓ చెంచా తిను."

"నువ్వెవరు అవ్వా?"

"స్టాన అను. ఆవిడ గోడే నా గోడ."

"మరణపత్రం ఏదీ?"

"మీ మునిసిపాలిటీ ఇవ్వాలిగా! అదిచ్చేలోపు మేమూ పోతాం!"

గుంపంతా గొల్లున నవ్వింది. వుకొటిచ్‌కీ నవ్వాగలేదు. శిలువ గుర్తు వేసుకుని ఓ చెంచా తిన్నాడు. "దేవుడు ఆవిడ తప్పులు క్షమించుగాక!"

"తప్పులేమున్నాయి? పక్కింటి కోళ్లని తిట్టేది, అంతే."

గేటు మీది సంతాప పత్రంలో ఫొటో చూశాడు. "పడుచుపిల్లే!"

"ఆవిడకి ఇరవై ఏళ్లప్పటిది. అందగత్తె కదూ?" అంది అవ్వ.

ఆయన కారు బానెట్ మీదే సంతకం పెట్టేశాడు. కారు మలుపు తిరిగిందో లేదో మిలోరాద్ అకార్డియన్ అందుకున్నాడు. నలుగురు నిచ్చెనెక్కబోతే మేకులు కింద పడ్డాయి. రాకియా సారా గ్లాసులు ఖాళీ అయ్యాయి. "ఈ పలకని ఏ ప్రభుత్వం పీకుతుందో చూస్తాం!" అని వీధంతా ఒకటే కేక. నెవేన ఏడుస్తూ నవ్వుతూ అవ్వను చుట్టేసుకుంది.

మీరెప్పుడైనా అటు వెళితే పెర్సిదాను పలకరించడం మరిచిపోకండి: నల్లగుడ్డ కట్టుకుని ఆ పలక కిందే కూర్చుని ఉంటుంది, మునిసిపాలిటీ వాళ్లెవరైనా పక్కనుంటే మాత్రం స్టాన అనే పిలవండి.