వాయిదా రోజుల పజిల్

"అడ్డం మూడు చూశారా? 'మామిడి పూత' అంట," అన్నాడు సువర్ణరాజు.

ప్రమీలారాణి ఒళ్ళో పేపర్ సర్దుకుంది. మూడు గళ్ళు. మొదటి గడిలో 'ర' ముందే పడి ఉంది.

"రసాలమా?"

"వాడి ఉద్దేశం అదేనండీ. కానీ రసాలం అంటే మామిడి చెట్టు. పూత కాదు. ఈ పజిల్ ఇచ్చేవాడు నిఘంటువు తిప్పడు, తోటలోకీ రాడు."

తప్పని తెలిసే ఆమె రసాలం అని రాసింది. గడి నిండాలి కదా.

కోర్టు వరండాలో ఉన్నది ఒకటే బల్ల. ఈ చివర ఆమె, ఆ చివర అతను. మధ్యలో ఆమె చేతిసంచి, అతని నీళ్ళ సీసా. వాయిదా ఉన్నప్పుడల్లా అలాగే కూర్చుంటారు.

నాలుగేళ్ళ కిందట, మామిడి కోతల రోజుల్లో, ముసునూరు నుంచి విస్సన్నపేటలో పెళ్ళికి భర్త రమేష్‌తో బైకు మీద బయల్దేరింది ప్రమీలారాణి. మలుపులో కాయల లారీ గుద్దింది. ఆమె రోడ్డు పక్క గడ్డిలో పడింది. రమేష్ తారు మీద పడ్డాడు. ఆమెకి మోచెయ్యి విరిగింది, అతుక్కుంది. రమేష్ ఆసుపత్రి దాకా కూడా బతకలేదు.

ఆ రోజూ ఆమె ఏడవలేదు, పెద్దకర్మ నాడూ ఏడవలేదు. "దీని గుండె రాయి," అంది అత్త సీతమ్మ. ప్రమీలారాణికి రాయిలా కూడా అనిపించలేదు. తిమ్మిరెక్కిన కాలుని గిల్లితే ఎలా ఉంటుందో, లోపలంతా అలా ఉంది.

ఇంటికి పేపర్ వస్తే వార్తలు చదవదు. జిల్లా పేజీ అసలు తిప్పదు. పజిల్ ఉన్న పేజీ ఒక్కటే తీసుకుంటుంది. అక్కడ అడిగిన ప్రతి దానికీ ఏదో ఒక జవాబు ఉంటుంది. అది నింపేదాకా పొద్దు గడుస్తుంది.

మొదటి రెండు వాయిదాలకి మరిది తోడొచ్చాడు. మూడోసారి కోతలున్నాయని రాలేదు. ఒక్కతే కూర్చుని పజిల్ నింపుకుంటుంటే బల్ల ఆ చివర నుంచి చిన్న గొంతు వినపడింది.

"నిలువు ఆరు... 'కలవరం' కాదేమోనండీ. 'కలకలం' అయ్యుంటుంది."

లేచి వెళ్ళిపోదామనుకుంది. లేవలేదు. కలవరం కొట్టేసి కలకలం అని రాసింది. సరిపోయింది.

అప్పట్నుంచీ అంతే. తోటల్లో కాయ కోసి ట్రేల్లోకి ఎత్తేదాకా చెట్టు కింద కూర్చోవాల్సిన పని కావడంతో పజిల్ అలవాటైందని ఒకసారి చెప్పాడు సువర్ణరాజు. ఆ పని మానేశాడట. ఇప్పుడు ఉంగుటూరులో పాల కేంద్రంలో చేస్తున్నాడు. వాయిదాకీ వాయిదాకీ మధ్య పజిల్‌లో వచ్చిన తప్పులన్నీ చీటీ మీద రాసుకొస్తాడు.

ఇవ్వాళా చొక్కా జేబులోంచి చీటీ తీశాడు.

"పోయిన నెలలో పదకొండు తప్పులండీ. మాట దొరకనప్పుడల్లా 'చెల్లాచెదురైన' అని పెట్టి అక్షరాలు ఎలా పడితే అలా విసిరేశాడు. అదీ ఒక పజిలేనా?"

"పేపర్ వాళ్ళకి రాయకపోయారా?"

"రెండుసార్లు రాశానండీ. ఉలుకూ లేదు, పలుకూ లేదు."

ఆమె పెన్ను కిందికి దిగింది. నిలువు తొమ్మిది. 'బండి నడిపేవాడు.' మూడక్షరాలు.

సువర్ణరాజు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"అదొక్కటి వదిలేద్దామండీ."

"తెలిసిందేగా," అని ఆమె సారథి అని రాసింది. అతను చూపు గేటు వైపు తిప్పుకున్నాడు.

కొంతసేపటికి అడిగాడు. "ఇవ్వాళ మీ సాక్ష్యం ఉందటగా?"

"ఉందండీ. ఈసారి వాయిదా ఉండదన్నారు."

"భయపడకండి. జరిగింది జరిగినట్టు చెప్పండి. ఎవరి మొహం చూసీ తగ్గించొద్దు."

"పెంచనూ పెంచను," అంది ప్రమీలారాణి.

అతను తలూపాడు. నీళ్ళ సీసా మూత తీసి ఆమె వైపు జరిపాడు. రెండు గుక్కలు తాగింది.

బంట్రోతు గుమ్మంలోకి వచ్చి కేసు నంబరు పిలిచాడు. నాలుగు గళ్ళు ఇంకా ఖాళీగా ఉన్నాయి. పేపర్ బల్ల మీదే వదిలేసి లేచింది.

లోపల పైన ఫ్యాను చప్పుడు చేస్తూ తిరుగుతోంది. ప్రమాణం చేయించారు. సర్కారు తరఫు లాయరు అడుగుతూ పోయాడు. ఎన్ని గంటలకి, ఏ మలుపు దగ్గర, బైకు రోడ్డుకి ఏ పక్కన ఉంది. ఆమె చెబుతూ పోయింది. గొంతు తనదే గానీ ఇంకెవరిదో కాగితం చదువుతున్నట్టుంది.

"లారీ వేగంగా వచ్చిందా?"

"వచ్చిందండీ. మలుపులో హారన్ కొట్టలేదు."

"గుద్దాక?"

"డ్రైవరు దిగి పరిగెత్తుకొచ్చాడు. మా ఆయన తల ఒళ్ళో పెట్టుకున్నాడు. అంబులెన్స్ వచ్చేదాకా అలాగే కూర్చున్నాడండీ."

జడ్జిగారు తలెత్తి చూశారు. టైపు చేస్తున్న మనిషి ఒక్క క్షణం ఆగి మళ్ళీ మొదలెట్టాడు.

"ఆ డ్రైవరుని చూస్తే గుర్తుపడతారా?"

"పడతానండీ."

"ఇప్పుడు ఈ హాల్లో ఉన్నాడా?"

ప్రమీలారాణి చెయ్యెత్తి, ఎదుటి బోనులో చేతులు కట్టుకుని నిలబడ్డ సువర్ణరాజుని చూపించింది.