బొండొక్ కెనడా ప్రయాణం

గ్యాస్ బండలవాడు రెంచీతో టంగుటంగుమని వాయించుకుంటూ వీధి మలుపు తిరిగాడంటే చాలు, నాలుగో అంతస్తు బాల్కనీలో బొండొక్ మూతి పైకెత్తి ఊళ అందుకునేవాడు. పొట్టిగా మొదలై, బారెడు సాగి, చివర్లో మూడు ఎక్కిళ్లు పెట్టే ఊళ. కైరోలో కుక్కలకేం కొదవ లేదుగానీ, షుబ్రా పేట మొత్తంలో అలాంటి గొంతు ఇంకోటి లేదు.

"ఏమే నివీన్! మీ గాయకుడి నోరు మూయించవే తల్లీ, నా తల పగిలిపోతోంది!" అని మూడో అంతస్తు నుంచి సుఆద్ అత్త కేకలేసేది.

"ఇంకెన్నాళ్లులే అత్తా! వచ్చే నెలనుంచి కెనడావాళ్లు వింటారు" అనేది నివీన్.

ఆమె మొగుడు తామెర్‌కి మాంట్రియల్‌లో ఉద్యోగం వచ్చింది. బొండొక్ లేకుండా తను విమానం మెట్టు తొక్కేది లేదని నివీన్ తెగేసి చెప్పింది. అన్నంత పనీ చేసే మనిషి ఆవిడ.

బొండొక్ జాతి కుక్కేమీ కాదు. రెండేళ్ల కిందట, వాచ్‌మన్ ఖలీఫా ఉండే మెట్లకింద గదిలో పుట్టిన ఇసకరంగు కుక్కపిల్ల. వాణ్ణి నివీన్ పైకి ఎత్తుకుపోయింది. అదే ఈతలో అచ్చం వాడిలాగే ఉన్న ఇంకోదానికి సింసిం అని పేరు పెట్టి ఖలీఫా ఉంచుకున్నాడు.

కెనడా మాటెత్తితే ఖలీఫాకి ఎక్కడలేని నీరసం ముంచుకొచ్చేది.

"మా తమ్ముడు కువైట్ వీసా కోసం ఆరుసార్లు తిరిగాడు అమ్మగారూ. మా బావమరిది అమెరికా వీసా లాటరీ కట్టీ కట్టీ ఉన్న జుట్టు కాస్తా ఊడగొట్టుకున్నాడు. నేను పాస్‌పోర్టుకని ఫొటో దిగి పదకొండేళ్లు. మా ఇంట్లోంచి ఒక్క ప్రాణి విమానం ఎక్కితే ఒట్టు!"

"బొండొక్ నీ ఇంట్లో పుట్టినవాడే కద బాబాయ్" అని నివీన్ ఓదార్చేది.

"పుడితే ఏం లాభం అమ్మగారూ, వాడు మీ ఇంటివాడైపోయాడు" అనేవాడు ఖలీఫా.

టీకా, మెడలో చిప్పు, కాగితాల మీద సంతకాలు, అన్నీ రేపు పొద్దున్నే అనగా, బొండొక్ కాస్తా మాయమయ్యాడు. కొత్త బోనులోకి తోద్దామని నివీన్ వెనకనుంచి నెడుతోంది. అంతలో కింద బండ మోగింది. అంతే, వాడు ఊళ పెడుతూ ఆమె కాళ్లమధ్యనుంచి దూసుకుపోయి, మెట్లన్నీ దిగి, బజారున పడ్డాడు.

"పోనీ అక్కడికెళ్లాక ఇంకో కుక్కని కొనుక్కుందాంలే" అన్నాడు తామెర్.

"అయితే ఇంకో పెళ్లాన్ని కూడా అక్కడే చూసుకో!"

తామెర్ వెళ్లి సూట్‌కేసులు సర్దుకోవడంలో పడ్డాడు.

ఖలీఫాయే ధైర్యం చెప్పాడు. "ఏడవకండి అమ్మగారూ, నేను లేనూ?" అని సింసింని వెంటేసుకుని వెతకడానికి బయల్దేరాడు. సాయంత్రం నమాజు పిలుపు వేళకి, మెడలో ఉండే ఎర్ర పట్టీతో సహా బొండొక్‌ని భుజాన వేసుకుని, రొప్పుతూ నాలుగంతస్తులూ ఎక్కొచ్చాడు. నివీన్ ఆయన చేతులు పట్టుకుని వలవలా ఏడ్చేసింది.

మర్నాడు చిప్పు వేశారు. టీకా పొడిచారు. అన్నీ సవ్యంగా జరిగిపోయాయి. సింసింని కొన్నాళ్లు ఊళ్లో తమ్ముడి దగ్గర వదిలొచ్చానన్నాడు ఖలీఫా.

కాకపోతే బొండొక్ కాస్త మారాడు. ఉడికించిన కోడిమాంసం తప్ప మరోటి ముట్టనివాడు, బీన్స్ కూర ఉల్లిపాయతో సహా గిన్నె నాకేస్తున్నాడు. పేరు పెట్టి పిలిస్తే పలకడు. సందు దొరికితే చాలు, కిందికి పరిగెత్తి ఖలీఫా కాళ్లదగ్గర చతికిలబడతాడు.

"అలిగాడే పాపం. ఇల్లూ వాకిలీ వదిలేస్తున్నామని వాడికీ తెలిసిపోయింది. ఖలీఫా బాబాయ్ మీద బెంగ" అంది నివీన్, కళ్లొత్తుకుంటూ.

అన్నిటికన్నా వింత, గ్యాస్ బండలవాడు కిటికీ కిందే నిలబడి వాయించినా వాడు కిమ్మనలేదు. సుఆద్ అత్త పనిమాలా పైకొచ్చి మరీ చూసింది.

"ఇదేమిటే! ఇంకా విమానం ఎక్కకముందే వీడికి కెనడా మర్యాదలు వచ్చేశాయే!"

ప్రయాణం రోజున ఖలీఫా విమానాశ్రయం దాకా వచ్చాడు. ఉన్నవాటిలో మంచి గలబియ్యా, పాదాలదాకా వేలాడే పొడుగంగీ, తొడుక్కున్నాడు. బోనుని వాటేసుకుని ఒకటే ఏడుపు.

"జాగ్రత్త నాన్నా! మంచులో తిరగకు. మన పరువు నిలబెట్టు. ఎవరేం పెట్టినా తిను!"

"మేమూ వెళ్తున్నాం బాబాయ్, మాకూ ఓ మాట చెప్పొచ్చుగా" అన్నాడు తామెర్.

"మీకేంటయ్యా, చదువుకున్నవాళ్లు" అని ఖలీఫా మళ్లీ బోనువైపు తిరిగాడు.

మూగజీవంమీద ఇంత ప్రేమ ఎవరికుంటుందని విమానంలో దారిపొడుగునా నివీన్ తలుచుకుని తలుచుకుని ఏడ్చింది.

మాంట్రియల్ చేరిన పదోరోజున ఫోన్ చేసింది.

"మావాడెలా ఉన్నాడమ్మగారూ? తింటున్నాడా? చలికి వణకట్లేదు కదా?" అవతల ఖలీఫా ఊపిరి తీసుకోకుండా అడుగుతున్నాడు.

"నీ బెంగంతా వాడిమీదే, మమ్మల్ని అడిగే దిక్కు లేదు. హాయిగా ఉన్నాడు బాబాయ్. హీటరు పక్కన దుప్పటేసుకుని పడుకున్నాడు."

"అల్లాకి వెయ్యి దండాలు! ఊళ్లో అందరికీ చెప్పాను. మా తమ్ముడైతే కుళ్లి చస్తున్నాడు" అన్నాడు ఖలీఫా, సంతోషం పట్టలేక.

ఇంతలో ఫోన్లోంచి టంగుటంగుమని గ్యాస్ బండ మోత, దాని వెనకే పొట్టిగా మొదలై, బారెడు సాగి, చివర్లో మూడు ఎక్కిళ్లు పెట్టిన ఊళ వినిపించాయి. హీటరు పక్కన దుప్పట్లో ఉన్నవాడు మాత్రం చెవి కూడా కదపలేదు.